నడుముకు ఒక చిన్న సంచి, డిచ్‌పల్లి దారులు



సికింద్రాబాదు నుండి మన్మాడు వైపు పోయే రైలులో కూర్చుంటే, కామారెడ్డి దాటిన తరువాత, నిజామాబాదు ఇంకా రాకముందే డిచ్‌పల్లి స్టేషను వస్తుంది. బస్సులో వచ్చేవారు నాగపూరు రహదారి మీద దిగవచ్చు. ఆ రోడ్డుకు ఇప్పుడు 44వ నంబరు ఇచ్చారు గాని పాతవారి నోట అది ఇంకా 7వ నంబరు రోడ్డే. ఊరి నుండి నిజామాబాదు పట్టణము సుమారు 15 కిలోమీటర్లు. రహదారి పట్టుకొని ఉత్తరముగా పోతే ఆర్మూరు, దాని చుట్టూ పసుపు చేలు. డిచ్‌పల్లిలో గుట్ట మీద పాత రామాలయము ఉన్నది, వంద సంవత్సరములు దాటిన కుష్ఠు ఆసుపత్రి ఉన్నది, 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము ఉన్నది. తెల్లవారి బయలుదేరితే ఒక్క రోజులో గుట్ట ఎక్కి, పసుపు కళ్లాలు చూచి, సాయంకాలము ఆసుపత్రి దారిలో నడచి రావచ్చును.

మన సంఘాలలో ఇప్పుడు ఫొటోలు తీసే యువకులు చాలామంది ఉన్నారు. పెండ్లికైనా, బాప్తిస్మపు ఆరాధనకైనా, స్త్రీల మైత్రి కూడికకైనా ఎవరో ఒక తమ్ముడు భుజాన పెద్ద నల్ల సంచి వేసుకొని వస్తాడు. ఆ సంచిలో రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఫ్లాషు, చార్జరు, వైర్లు, ఒక నీళ్ల సీసా. సంచి కింద పెట్టిన చోటనే ఆ తమ్ముడు కట్టివేయబడతాడు. పది అడుగులు ముందుకు వేస్తే వెనుకకు తిరిగి చూసుకోవాలి. ఊళ్లు తిరిగి ఫొటోలు తీయాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఆ పెద్ద సంచి ఇంట్లో పెట్టండి. నడుముకు కట్టుకునే చిన్న సంచి ఒకటి కొనుక్కోండి.

దుకాణములో దీనిని బెల్టు పౌచి అంటారు. నేను నడుము సంచి అంటాను. నాది నైలాను గుడ్డతో కుట్టినది, లోపల మెత్తని స్పాంజి. జానెడు పొడవు, అంతకంటె కొంచెము తక్కువ ఎత్తు. అందులో ఒక చిన్న కెమెరా, దానికే బిగించి ఉన్న ఒక లెన్సు, అదనముగా ఒక బ్యాటరీ, ఒక మెమొరీ కార్డు, లెన్సు తుడిచే మెత్తని గుడ్డ, గాలి ఊదే రబ్బరు బుడ్డి, వానకు అడ్డముగా మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు, ఇవే. అంతా కలిపి కిలోన్నర దాటకూడదు. దాటిందా, సంచి కిందికి గుంజుతుంది, బెల్టు పొట్టను కోస్తుంది, సాయంకాలానికి నడుము నొప్పి. ఇంకొక లెన్సు పెట్టుకుందామా అని చెయ్యి పోతుంది. పెట్టకండి. ఉన్న ఒక్క లెన్సుతో ముందుకు పోవాలంటే కాళ్లే ముందుకు పోవాలి. అది మంచిదే.

భుజాన వ్రేలాడే బరువుకు, నడుమున ఉన్న బరువుకు చాలా తేడా ఉన్నది. భుజాన వేసుకున్న సంచి మనము వంగినప్పుడల్లా ముందుకు జారి వచ్చి ఎదుటివారికో గోడకో తగులుతుంది. మెడ ఒక పక్కకు వంగుతుంది. నడుముకు కట్టినది తుంటి ఎముక మీద కూర్చుంటుంది. శరీరముతో పాటు వంగుతుంది, శరీరముతో పాటు లేస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఈ సంగతి మన పల్లెవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. తాడిచెట్టు ఎక్కే గౌడన్నను చూడండి. మోకు, ముత్తాదు కట్టుకొని, గీత కత్తులను నడుము వద్దనే పెట్టుకొని ఎక్కుతాడు. చేతులు చెట్టుకు, పనిముట్లు నడుముకు. పత్తి ఏరే మన అక్కచెల్లెళ్లు చీర కొంగును నడుముకు దోపి ఒడి చేసుకుంటారు, అది నిండిన తరువాతనే గంప దగ్గరకు వస్తారు. పూర్వము సంతకు పోయే వర్తకులు రూపాయలను జాలెలో పోసి నడుముకు చుట్టుకునేవారు. దావీదు ఏటిలో ఏరిన అయిదు రాళ్లను వేసుకున్నది కూడ పెద్ద గోనెలో కాదు, తన దగ్గర ఉన్న చిక్కములో.

ఇంకా పాత సంగతి ఒకటి ఉన్నది. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున ఆల్ప్స్ పర్వతముల మంచులో ఒక మనిషి శవము దొరికినది. పరీక్షించి చూస్తే అతడు సుమారు 5,300 సంవత్సరముల క్రిందటి వాడు. అతని నడుముకు దూడ తోలు బెల్టు, ఆ బెల్టుకు కుట్టిన చిన్న సంచి. దానిలో చెకుముకి రాతి పనిముట్లు, ఎముకతో చేసిన దబ్బనము, నిప్పు రాజేసుకోవడానికి ఎండిన పుట్టగొడుగు ఉన్నవి. కొండ ఎక్కేవాడికి ఏమి కావాలో అది మాత్రమే. ఈ రోజు దుకాణదారుడు కొత్త వస్తువని మనకు అమ్మే సంచి అంత పాతది.

కెమెరా మాత్రము నడుముకు రావడానికి చాలా కాలము పట్టినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానములో ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్ దయాళ్ (1844–1905) గారి కాలములో ఫొటో అంటే గాజు పలక. పెట్టె వంటి పెద్ద కెమెరా, మూడు కాళ్ల స్టాండు, బరువైన గాజు పలకలు, వాటిని మోయడానికి మనుషులు. అంత సామానుతో తీసిన కోటలు, దర్బారులు, వేట దృశ్యములు ఇప్పటికీ చూడముచ్చటగా ఉన్నవి. అయితే అంత హంగామా ఎదుట నిలబడిన మనిషి కొయ్యబొమ్మ అయిపోతాడు, కాకపోతే ఎట్లా? 1925లో జర్మనీలో లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చినది. సినిమా ఫిల్మును వాడుకొని దానిని తయారు చేసిన ఆస్కార్ బార్నాక్ ఆయాసము ఉన్న మనిషి అనీ, పెద్ద కెమెరా మోయలేకనే చిన్నది చేసుకున్నాడనీ చెబుతారు. ఆ తరువాత ఫొటోగ్రాఫరు జనములో నడవగలిగాడు.

ఇక డిచ్‌పల్లి గుట్ట. ఖిల్లా రామాలయమని పిలిచే ఈ గుడి కాకతీయుల కాలము నాటిదని ఊరివారు చెబుతారు. గోడల మీద చెక్కిన బొమ్మల వలన దీనికి ఇందూరు ఖజురహో అని పేరు వచ్చినది. ఇందూరు అంటే నిజామాబాదుకు పాత పేరు. గుడికి పోవాలంటే వందకు పైగా రాతిమెట్లు ఎక్కాలి. ఇక్కడ నడుము సంచికి ఒక చిన్న సూత్రము ఉన్నది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంచిని ముందు వైపు ఉంచుకోకండి. పొట్ట మీద సంచి ఉంటే కాళ్ల దగ్గర మెట్టు కనబడదు. పక్కకు జరుపుకోవాలి. వెనుకకు కూడ వద్దు. వెనుక ఉంటే జిప్పు ఎవరు తీసినా మనకు తెలియదు, కూర్చుంటే కెమెరా నలుగుతుంది. కుడి తుంటి మీద ఉంటే అన్నిటికీ మంచిది. ఇంకొక సంగతి, కొండ గుళ్ల దగ్గర కోతులుంటాయి. చేతిలో వ్రేలాడే సంచి వాటికి అరటిపండ్ల సంచి లాగానే కనబడుతుంది. నడుముకు బిగించి ఉన్నదాని జోలికి అవి అంతగా రావు. కొన్ని గుళ్లలో తోలు వస్తువులను లోపలికి తీసుకుపోనివ్వరు గనుక తోలు సంచి కంటె గుడ్డ సంచియే మేలు. మనది కాని ఆరాధన స్థలములో అడుగు పెట్టినప్పుడు చెప్పులతో పాటు అనుమానాలకు కూడ తావు లేకుండ పోవడము మర్యాద. పూజారి గారిని అడగండి. గోడల మీది శిల్పములు తీసుకోవచ్చునా, లోపల తీయకూడదా, ఆయన చెప్పినట్లే చేయండి.

ఫొటో సంగతికి వస్తే, నల్లరాతి గోడ కెమెరాను మోసగిస్తుంది. చీకటిగా ఉన్నదనుకొని అది వెలుతురు ఎక్కువ లాగుతుంది. రాయి బూడిద రంగుకు మారుతుంది, ఆకాశము తెల్లగా మాడిపోతుంది. గనుక వెలుతురును ఒక మెట్టు తగ్గించి తీయాలి. ఉదయము ఎండ పక్క నుండి పడే వేళ శిల్పముల అంచులు తేలుతాయి. మధ్యాహ్నము పోతే అన్నీ చదును. పైనుండి చూస్తే ఊరు, పొలములు కనబడతాయి. ఆ దృశ్యము ఒక్కటి తీసుకొని దిగండి. గుట్ట మీద నేను అంతకంటె ఎక్కువ సేపు ఉండను. నా మనసు కింద ఉన్న మనుషుల మీదనే.

పసుపు చూడాలంటే సంక్రాంతి దాటిన తరువాత రావాలి. తొలకరికి, అంటే జూనులో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. జనవరి నుండి మార్చి వరకు తవ్వకము. తవ్విన దుంపలను ఉడికిస్తారు. పూర్వము పెద్ద కడాయిలలో ఉడికించేవారు, ఇప్పుడు ఆవిరితో ఉడికించే బాయిలర్లు చేను దగ్గరకే వస్తున్నవి. ఉడికినవాటిని కళ్లములో పది పదిహేను రోజులు ఎండబెట్టి, తిరిగే డ్రమ్ములో వేసి పైపొట్టు పోయేటట్లు రుద్దుతారు. వేళ్ల వలె ఉన్నది కొమ్ము, గుండ్రముగా ఉన్నది మండ. అక్కడి నుండి నిజామాబాదు మార్కెటు యార్డుకు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నుండి 185 మంది పోటీ చేశారు. వారిలో ఎక్కువమంది పసుపు ధర కొరకు, పసుపు బోర్డు కొరకు నామినేషను వేసిన రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమై దాని ప్రధాన కార్యాలయము నిజామాబాదుకు వచ్చినది. కళ్లములో పసుపును కాలితో కలియబెడుతున్న అమ్మ ఫొటో తీసేవారు ఈ సంగతి తెలిసి తీయాలి. ఆ పసుపు పచ్చదనము కంటికి పండుగ లాగ ఉంటుంది. రైతు కంటికి మాత్రము అది ఎరువు అప్పు, కూలి బాకీ, రేపటి ధర.

ఆర్మూరు వైపు కళ్లాలలో నడుము సంచికి అసలు పరీక్ష. డ్రమ్ము తిరుగుతుంటే లేచే పసుపు దుమ్ము పొగ వలె సన్నగా ఉంటుంది. చొక్కా కాలరుకు, కనురెప్పలకు పట్టుకుంటుంది. పెద్ద సంచిని కింద పెట్టి, మూత తీసి లెన్సు మార్చేవాడికి లోపలి సామానంతా పచ్చబడుతుంది. నడుము సంచి కిందకు దిగదు. కెమెరా తీయడము, ఫొటో తీయడము, లోపల పెట్టి జిప్పు మూయడము, ఇంతే. ఆ చోట లెన్సు మార్చనే కూడదు. పని అయిన తరువాత సంచిని ఎండలో తలకిందులుగా పట్టుకొని దులపాలి. లెన్సును గుడ్డతో వెంటనే తుడవకండి, దుమ్ము గీతలు పెడుతుంది. మొదట రబ్బరు బుడ్డితో ఊదండి. గుడ్డను ఆ తరువాత వాడండి. సంచికి అంటిన పసుపు సబ్బు నీళ్లతో పూర్తిగా పోదు గాని ఎండకు వెలిసిపోతుంది. మన ఇండ్లలో ఆడవారికి తెలిసిన సంగతే ఇది.

రంగు గురించి ఒక మాట. కళ్లమంతా పసుపే ఉన్నప్పుడు కెమెరా తబ్బిబ్బవుతుంది. పసుపు అంతా ఒకే ముద్దగా పడి, కొమ్ముకు కొమ్ముకు నడుమ తేడా కనబడదు. ఇక్కడ కూడ వెలుతురు కొంచెము తగ్గించాలి. మనిషిని నీడ పక్కన నిలబెట్టుకోవాలి. వానకాలములో వచ్చేవారు సంచిలో తేమ పీల్చే చిన్న పొట్లాలు, మందుల సీసాలలో వచ్చేవి, రెండు వేసుకోండి. లేకపోతే లెన్సు లోపల బూజు పట్టి సాలెగూడు వలె అల్లుకుంటుంది. దానిని తీయించడానికి లెన్సు ధరలో సగము పోతుంది.

ఇన్ని మంచి గుణములు చెప్పిన తరువాత లోపములు కూడ చెప్పాలి. బస్సు సీటులో ఇరుక్కున్నప్పుడు ఈ సంచి పక్కవారి డొక్కలో గుచ్చుకుంటుంది. ఎండాకాలము బెల్టు కింద చెమట పోసి చొక్కా మీద తెల్లని ఉప్పు గీత పడుతుంది. ప్లాస్టిక్ కొక్కెము ఒక సంవత్సరము కంటె నిలువదు. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఇనుప కొక్కెము వేయించుకుంటే మరి నాలుగేండ్లు వస్తుంది. మోటారు సైకిలు మీద పోయేటప్పుడు దీనిని పక్కకే ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యముగా, దీనిని కట్టుకున్న మనిషి ఆర్టీసీ కండక్టరు వలె కనబడతాడు. ఒక కళ్లము దగ్గర పిల్లలు నా వెంటబడి, “సార్, ఆర్మూర్‌కు రెండు టికెట్లియ్యి” అని చెయ్యి చాపారు. కెమెరా కంటె ముందు నవ్వు బయటకు వచ్చినది. ఆ రోజు ఆ పిల్లల ఫొటోలు చాలా బాగా వచ్చినవి.

ఇక ఆసుపత్రి దారి. ఇక్కడ కొంచెము నిదానముగా నడవాలి.

స్కాట్లాండుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండు జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షముగా 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చారు. నిజామాబాదు ప్రాంతములో వైద్యము చేస్తుండగా కుష్ఠు వచ్చినవారు ఆమె దగ్గరకు రాసాగారు. ఊరు వారిని బయట పెట్టినది, ఉండడానికి చోటు లేదు. నిజామాబాదు దాత రాజా నర్సా గౌడ్ గారు ధనసహాయము చేశారు. ఆయన హిందువు. అది మనము గుర్తుంచుకోదగిన సంగతి. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి పని ప్రారంభమైనది. ఆ రోజులలో కుష్ఠుకు తెలిసిన మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దానిని సూదితో ఎక్కించేవారు. నొప్పి ఎక్కువ, నెలల తరబడి సాగేది, అయినా జనము వచ్చేవారు. డాక్టరు ఇసబెల్ కెర్ 1932లో మరణించే వరకు ఈ పనిలోనే ఉన్నారు. 1940ల తరువాత సల్ఫోను మాత్రలు వచ్చినవి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసినది. ఆరు నెలలు, లేక ఒక సంవత్సరము మాత్రలు మింగితే రోగము నయమవుతుంది. 2005 చివరికి మన దేశములో రోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికంటె తగ్గినదని ప్రభుత్వము ప్రకటించినది. అయినా కొత్తగా వచ్చేవారు ఇంకా ఉన్నారు. తిమ్మిరి, స్పర్శ లేని మచ్చ కనబడితే సిగ్గుపడకుండ వెంటనే చూపించుకోవాలి.

ఈ రోగమునకూ ఫొటోకూ పాత సంబంధము ఉన్నది. లోకములో ఎక్కడ మిషను ఆసుపత్రి ఉన్నా దాని పత్రికలలో ఫొటోలు అచ్చు వేసేవారు. మందుకు ముందు ఒకటి, మందు తరువాత ఒకటి. దూరదేశములలో కూర్చున్న సంఘములు వాటిని చూచి కానుకలు పంపేవి. ఆ కానుకలతో గదులు లేచినవి, బావులు తవ్వబడినవి, మనుషులు బ్రదికారు. దానిని తప్పు పట్టడము నాకు ఇష్టము లేదు. అయితే ఆ ఫొటోలలో ఎక్కువగా కనబడేవి చేతులు, పాదములు, పుండ్లు. ఆ చేతులు ఎవరివో, ఆయన పేరేమో, ఆయనకు పిల్లలెందరో ఆ కాగితములకు తెలియదు. ఇప్పటికీ ఫొటోలు తీసేవారిలో ఈ అలవాటు పోలేదు. గుట్ట మీద శిల్పమును తీసినంత తేలికగా మనిషి గాయమును తీసి, ఫోనులో పంపించి, కింద రెండు మాటలు వ్రాస్తున్నారు.

స్టేషను వైపు పోయే దారిలో ఒక టీ బండి దగ్గర బెంచీ మీద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. చేతివేళ్లు సగము సగమే ఉన్నవి. రోగము ఎప్పుడో నయమైనది, స్పర్శ పోయిన వేళ్లు మాత్రము కాలి, గాయమై, అట్లా మిగిలినవి. గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకొని చాయ్ తాగుతున్నాడు. పక్కనే తాడుతో కట్టిన మేక. టీ బండి ఆయన నన్ను “రాండ్రి అయ్యగారూ” అని పిలవడము విని ఆయన నా వైపు తిరిగాడు.

“ఏడికెల్లి అచ్చిండ్రు అయ్యగారూ?” అన్నాడు. చెప్పాను. నా నడుము చూచి, “గా సంచిల ఏమున్నది? మందులా?” అన్నాడు.

“మందులు లేవు తాతా. కెమెరా ఉన్నది” అన్నాను.

కొంచెము సేపు ఏమీ అనలేదు. చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. “నేను పోరగాన్ని ఉన్నప్పుడు ఎవలో అచ్చి ఫోటువ దీసిండ్రు. చేతులు గిట్ల పట్టుమన్నరు. పట్టిన. చేతులే దీసిండ్రు అయ్యగారూ, మొకం దియ్యలే” అన్నాడు. కోపముగా అనలేదు. మేకకు ఆకు అందిస్తూ, వానలు ఆలస్యమైనవన్నట్లుగా అన్నాడు.

నా సంచి జిప్పు అప్పుడు మూసి ఉన్నది. నేను దానిని తెరవలేదు. ఆయనతో పాటు ఇంకొక చాయ్ తాగాను. ఆయన కొడుకు నిజామాబాదులో ఆటో నడుపుతాడని, మనుమరాలు ఇంటరు చదువుతున్నదని, మేకకు రెండు పిల్లలు పుట్టి ఒకటి పోయిందని చెప్పాడు. అర్ధగంట గడచిన తరువాత ఆయనే అన్నాడు. “దియ్యుండ్రి మరి. మొకం దియ్యుండ్రి. నా మేక గూడ రావాలె.”

అప్పుడు జిప్పు తెరిచాను. మేక మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాడు. మూడు ఫొటోలు తీశాను. రెండింటిలో మేక తల తిప్పినది. మూడవది బాగా వచ్చినది. ఆయన చెయ్యి కూడ అందులో ఉన్నది, మేక మెడ మీద, ఉండవలసిన చోట.

“సెల్‌ఫోను ఉండగా ఈ సంచి, ఈ కెమెరా ఎందుకు అయ్యగారూ?” అని మా సంఘములోని తమ్ముళ్లు అడుగుతుంటారు. ఫోను ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుండగానే అది ఫొటో తీయగలదు, తీసినట్లు అతనికి తెలియను కూడ తెలియదు. నడుము సంచి అట్లా కాదు. దానికి జిప్పు ఉన్నది. జిప్పు తీస్తే చప్పుడవుతుంది. చెయ్యి లోపలికి పోవాలి, కెమెరా బయటకు రావాలి, మూత తీయాలి. ఆ నాలుగైదు క్షణములలో ఎదుటి మనిషి వద్దని తల ఊపడానికి, కొంగు సవరించుకోవడానికి, పిల్లవాడి ముక్కు తుడవడానికి వీలుంటుంది. పెద్ద సంచి దించి సామాను పరచినవాడిని చూచి మనుషులు భయపడి ఒప్పుకుంటారు. ఫోను ఎత్తినవాడు వారిని అడగనే అడగడు. చిన్న సంచి ఈ రెంటికీ నడుమ ఉన్నది.

కొందరు ఇంకొక ప్రశ్న వేస్తారు. కెమెరాను సంచిలో పెట్టుకొని తిరగడము దాచడము కాదా అని. దాచడము వేరు, మూయడము వేరు. చొక్కా కింద కెమెరా పెట్టుకొని దొంగతనముగా తీసేవాడు దాచినవాడు. అందరికీ కనబడేటట్లు నడుముకు కట్టుకొని, ఏమున్నదని అడిగితే ఉన్నది చెప్పి, సమయము వచ్చే వరకు జిప్పు తీయనివాడు మూసినవాడు. ఆసుపత్రి ఆవరణములలోనైతే అక్కడి పెద్దల అనుమతి లేకుండ జిప్పు ముట్టుకోనే కూడదు. అనుమతి ఇచ్చినా మంచము మీద ఉన్న మనిషిని మళ్లీ వేరుగా అడగాలి. పెద్దలు ఇచ్చిన సెలవు రోగి ఇచ్చిన సెలవు కాదు. ఆ రోజు నేను ఆసుపత్రి వైపు నడచి, పాత చెట్ల నీడలో కొంతసేపు నిలబడి, తిరిగి స్టేషనుకు వచ్చాను. ఆ దారిలో సంచి తెరవలేదు.

కొనదలచినవారికి చివరి సంగతి. దుకాణములో సంచిని ఖాళీగా కట్టుకొని చూస్తే ఏమీ తెలియదు. మీ కెమెరాను తీసుకొని పోయి, లోపల పెట్టి, కట్టుకొని, వంగి, కూర్చొని, మోకాళ్లూని చూడండి. బెల్టు మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. జిప్పు పళ్లు పెద్దవిగా ఉండాలి, సన్నని జిప్పు పసుపు దుమ్ముకు పట్టేస్తుంది. శరీరము వైపు, అంటే వెనుక భాగములో ఒక బల్లపరుపు అర ఉన్నదే తీసుకోండి. చాలామంది ఆ అరలో డబ్బులు, బస్సు టికెట్లు పెట్టుకుంటారు. నేను దానిని ఫొటోలకు ఉంచుతాను. నాలుగు అంగుళములు ఆరు అంగుళములు ఉన్న ప్రింటు అందులో మడత పడకుండ పడుతుంది. అంతకంటె పెద్దది పట్టదు. నిజామాబాదులో ఆ సైజు ప్రింటు కొద్ది రూపాయలకే వేస్తారు.

మరుసటి నెల డిచ్‌పల్లి పోయినప్పుడు ముసలాయన బెంచీ మీద లేడు. మనుమరాలి పరీక్షలకు నిజామాబాదు పోయాడని టీ బండి ఆయన చెప్పాడు. వెనుక అరలో నుండి కవరు తీసి ఆయన చేతికి ఇచ్చాను. అతడు ఫొటో తీసి చూచి, “మేక మంచిగ పడ్డది” అని, చక్కెర డబ్బా వెనుక జాగ్రత్తగా నిలబెట్టాడు.